నాలుగో జ్వరం

ఈ ఎండాకాలం మా ఇంట్లో మనుషులం ముగ్గురం, పట్టుపురుగులు యాభై వేలు. అంతమందిలో అబద్ధం ఆడింది ఒక్కరే, నా మొగుడు. మొగుడి గురించి ఇంత కటువుగా రాయకూడదని మొదట అనుకున్నాను. ఎందుకు రాయకూడదో ఎంత ఆలోచించినా తోచలేదు.

మాది కెలమంగలం నుంచి రాయకోటకు పోయే దారిలో బస్సు దిగి ఒక మైలు లోపలికి నడిచే ఊరు. రెండెకరాల మల్బరీ తోట, తోట పక్కన పురుగుల ఇల్లు, దానికి కొంచెం ఈవల మేముండే ఇల్లు. భూమి మా అత్త గంగక్క పేరున ఉంది. తోటా పురుగులూ నా చేతి కింద ఉన్నాయి. నా మొగుడు అనంతకుమార్ హోసూరులో బండ్ల ఇంజన్లకు భాగాలు చేసే ఫ్యాక్టరీకి షిఫ్టులకు పోయి వస్తాడు. ఆయన చేతికి ఆకు పసరు అంటి పదేళ్ళయింది.

మార్చిలో ఆయనకు ఫ్యాక్టరీలో జితేంద్ర అని ఒక స్నేహితుడు దొరికాడు. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఇంజనీరు. రాళ్ళూ గుట్టలూ ఎక్కే మోటారు సైకిళ్ళంటే పిచ్చి. ఒక్కో బండినీ మట్టిలో తోలి, ఏది ఎవరికి సరిపోతుందో చెప్పి వీడియోలు పెడతాడు. ఒక ఆదివారం అనంతకుమార్ అతన్ని ఇంటికి తీసుకొచ్చాడు. అప్పటికింకా, పిల్ల పురుగులను పెంచి రైతులకిచ్చే చాకీ కేంద్రం నుంచి పురుగు రాలేదు. పురుగుల ఇల్లు కడిగి, మందు కొట్టి, మూసిపెట్టి ఉంది.

నిజం చెప్పాలంటే ఆ మనిషి నాకు నచ్చాడు. అరుగు మీద కూర్చొని ఉడకబెట్టిన వేరుశనక్కాయలు వలుచుకుంటూ, అడిగినదానికల్లా విసుక్కోకుండా జవాబు చెప్పాడు.

“ఇంజన్లన్నీ ఒకటి కాదండీ వదినగారూ. టూ స్ట్రోక్ ఉందనుకోండి, పిస్టన్ ఒక్కసారి కిందికీ పైకీ వెళ్ళొస్తే చాలు, లోపల మంట పుడుతుంది. ఫోర్ స్ట్రోక్‌లో రెండుసార్లు వెళ్ళొస్తేగానీ పుట్టదు. అందుకే టూ స్ట్రోక్ బండి తేలిగ్గా ఉంటుంది, మేకపిల్లలాగా దూకుతుంది. కానీ బలం నిదానంగా రాదు, ఒక్కసారే మీద పడుతుంది. చెయ్యి తిరిగినవాళ్ళే దాన్ని పట్టగలరు.”

“దానికి పెట్రోల్లో ఆయిలు కలిపి పొయ్యాల గదా?” అన్నాను.

“మీకెలా తెలుసండీ?”

“మా పాత మోపెడ్డు కూడా టూ స్ట్రోకేనప్పా. ఆకు మోపులు తెచ్చేది దాని మీదనే.”

జితేంద్ర గట్టిగా నవ్వి, “అయితే మీరు నాకంటే సీనియర్” అన్నాడు. పెద్ద బండి గురించి చెప్పాడు. దాని ఇంజను చుట్టూ నీళ్ళు తిరుగుతూ చల్లబరుస్తాయట, రోజంతా తోలినా అలసిపోదట, కానీ బరువెక్కువ, సీటు ఎత్తు, పొడుగు కాళ్ళవాళ్ళకే సరి.

“అట్లయితే నా మాదిరి మోపు వేసుకొని గట్ల మీద పొయ్యేటోళ్ళకు ఏది?”

“చిన్న ఫోర్ స్ట్రోకండీ. గాలికే చల్లబడుతుంది. నెమ్మదిగా పోతున్నా చక్కగా లాగుతుంది, కాళ్ళు నేలకు అందుతాయి, పడినా పగలడానికి పెద్దగా ఏమీ ఉండదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకూ అదే చెప్తాను.”

ఒక్క సంగతి మాత్రం నేను అతనికి చెప్పలేదు. పురుగు ఇంట్లో ఉన్నన్నాళ్ళు ఆ మోపెడ్‌ను నేను నూరు గజాల ఇవతలే ఆపి, మోపుతో సహా తోసుకుంటూ పోతాను. ఆయిలు కాలిన పొగ పురుగుకు పడదు. బీడీ తాగినవాణ్ణి గడప తొక్కనివ్వం. అనంతకుమార్‌కు ఇది నేను చెప్పాల్సిన పని లేదు. చిన్నప్పుడు మోపెడ్ నేర్చుకుంటూ తిన్నగా పురుగుల ఇంటి ముందుకు తోలుకొచ్చి, వాళ్ళమ్మ చేతి దెబ్బలు తిన్నవాడే.

జితేంద్ర అటు పోగానే అనంతకుమార్ అసలు సంగతి బయటపెట్టాడు. జితేంద్రకు తెలిసిన ఎవరో పార్టీవాళ్ళు మా రెండెకరాలనూ లీజుకు తీసుకొని మట్టి బండ్లు తోలే ట్రాక్ చేస్తారట. శని, ఆదివారాలు హోసూరు నుంచీ బెంగళూరు నుంచీ జనం వస్తారట.

“తోట?” అని అడిగాను.

“తోటేముండాది, పీకేస్తే పోయె. ఎన్నాళ్ళని ఈ పురుగుల పని? ఫ్యాక్టరీలో ఎవురన్నా అడిగితే…” అని ఆగిపోయాడు.

ఆ ఆగిన మాటను నేను అప్పుడు పట్టుకోలేదు. తోట పీకేస్తామన్న మాటకే ఒళ్ళు మండి, ఆయనను ఏమేమో అన్నాను. ఆ తోటలో ప్రతి కర్రా నేను నాటింది. పెళ్ళయి వచ్చినప్పుడు అక్కడ కలుపు తప్ప ఏమీ లేదు. మా అత్త ఇద్దరినీ కొంతసేపు అరవనిచ్చి, చివరకు ఒక మాట చెప్పింది.

“ఈ పంట చూస్తాము. గూళ్ళు బాగా కడితే తోట ఉంటుంది. పోతే నువ్వు చెప్పినట్ల చేసుకో అనంతా. ఇంక నా చెవిలో జోరీగ మాదిరి రొద పెట్టొద్దండి.”

నేను సరే అన్నాను. నా చేతి మీద నాకు నమ్మకం ఉంది. ఎండాకాలం పంట కష్టమని తెలిసీ ఒప్పుకున్నాను.

ఏప్రిల్‌లో చాకీ పురుగు వచ్చింది. పట్టుపురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు మేత మానేస్తుంది. తల పైకెత్తి, కదలకుండా ఒక రోజు ఉండి, పాత చర్మం విడిచి కొత్తగా లేస్తుంది. మా వైపు దీనినే జ్వరం అంటాం. నిజం జ్వరమేమీ కాదు, రోగమూ కాదు. కానీ ఆ సమయంలో పురుగును కదిలించకూడదు, గాలి ఆడాలి, పొగ తగలకూడదు. నాలుగో జ్వరం అన్నిటికంటే పెద్దది. దాని నుంచి క్షేమంగా లేస్తే, ఏడెనిమిది రోజులు రాత్రీ పగలూ మేసి గూడు కడుతుంది. గోనెపట్టాలు తడిపి కిటికీల పక్కన కట్టి, రోజుకు నాలుగుసార్లు ఆకు వేసి, మూడో జ్వరం దాటించాను. ఒక్క పురుగు వెనకపడలేదు. మా అత్త వచ్చి అరల వెంట నడిచి చూసి, ఏమీ అనకుండా పోయింది. ఆమె ఏమీ అనలేదంటే మెచ్చుకున్నట్టే.

శుక్రవారం సాయంత్రం అనంతకుమార్ మెల్లగా మొదలుపెట్టాడు.

“ఆదివారం జితేంద్ర వాళ్ళు మూడు బండ్లు తెస్తామంటా ఉండారు. నేల ఎట్లుందో తోలి చూస్తారంట.”

“ఆదివారం పురుగు నాలుగో జ్వరంలో ఉంటుంది. ఈ పక్కకే ఎవురూ రావద్దు. పురుగు పండి గూడు కట్టినాక రమ్మను, నేనే కాఫీ పోస్తాను.”

“సరే లే. జ్వరమని చెప్తాను.”

అంత సులభంగా ఒప్పుకున్నందుకు నాకు సంతోషం కూడా వేసింది.

ఆదివారం పొద్దున్నే పురుగుల మీద పలచగా సున్నం చల్లి, ఒక మూల కూర్చొని చూస్తున్నాను. సగం పురుగు అప్పటికే చర్మం విడుస్తోంది. అంతలో తోట దిగువన, ఆకు కోసేసిన ఖాళీ నేలలో ఇంజన్ల మోత మొదలైంది. రోడ్డు మీద ఎవరో పోతున్నారనుకున్నాను. మోత పోలేదు. కొంతసేపటికి కిటికీ వల నుంచి ఆయిలు కాలిన వాసన వచ్చింది. బయటికి పరిగెత్తాను.

దిగువన దుమ్ము లేచి ఉంది. చిన్న ఫోర్ స్ట్రోక్ మీద ఒక అమ్మాయి జాగ్రత్తగా గట్టు ఎక్కుతోంది. ఆమె పేరు అమృత, హోసూరులో ఆఫీసు ఉద్యోగం, బండి కొత్తగా నేర్చుకుంటోందని తరువాత తెలిసింది. పెద్ద బండిని పక్కన నిలిపి జితేంద్ర ఫోనులో అంతా తీస్తున్నాడు. మూడోది టూ స్ట్రోక్. పాత బండిని విప్పి మళ్ళీ కొత్తగా బిగించిందట. అది నీలం పొగ వదులుతూ, తోట గట్టు వెంబడి పురుగుల ఇంటి పక్కకు వచ్చి, గుండ్రంగా తిరిగి, మళ్ళీ కిందికి పోతోంది. దాని మీద ఉన్నది నా మొగుడు.

నన్ను చూసి జితేంద్ర ఫోను దించి ఎదురొచ్చాడు. చేతిలో కమలాపండ్ల సంచి, బ్రెడ్డు పొట్లం ఉన్నాయి.

“అయ్యో, మీరెందుకు లేచి వచ్చారండీ? జ్వరం తగ్గిందా?”

పురుగుల గురించే అడుగుతున్నాడనుకున్నాను. ఊపిరి అందక, “యాడ తగ్గిందప్పా? సగం లేచినాయి, సగం ఇంకా తల ఎత్తుకోనే ఉండాయి” అన్నాను.

జితేంద్ర, అమృత ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అమృత బండి ఆపి దగ్గరకొచ్చి, “పిల్లలక్కూడా వచ్చిందా?” అని జాలిగా అడిగింది. మాకు పిల్లలు లేరు.

అప్పటికి అనంతకుమార్ బండి దిగి వచ్చాడు. నేను ఆయన ముఖం చూశాను. ఆయన నా ముఖం చూడలేదు.

“జ్వరంలో ఏందేందో మాట్లాడతా ఉండాది బ్రో,” అన్నాడు వాళ్ళతో. నా చెయ్యి పట్టుకొని, “నువ్వు పోయి పండుకో పో” అన్నాడు.

కమలాపండ్ల సంచి నా చేతిలో పెట్టారు. మళ్ళీ ఒకసారి ఆలోచిస్తే, ఆ సంచి వాళ్ళ ముందే విసిరేసి, జ్వరం నాకు కాదు, ఆ ఇంట్లో ఉన్న పురుగుకు అని అరిచి ఉండాల్సింది. అరవలేదు. ఆయన పడుతున్న సిగ్గేదో ఆ నిమిషం నాకూ అంటుకుంది. నేను మోకాళ్ళ దాకా చీర ఎగ్గట్టుకొని, చేతుల నిండా సున్నంతో నిలబడి ఉన్నాను. ఎదురుగా అమృత శుభ్రమైన చేతితొడుగులు వేసుకొని ఉంది. అరవనందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

“బండ్లు ఆపమను” అని మాత్రం అనంతకుమార్‌తో మెల్లగా అన్నాను.

“ఇంకొక్క రౌండు. వీడియోకి” అన్నాడు.

లోపలికి పోయి కిటికీలకు తడి గోనెలు కప్పాను. కప్పితే లోపల ఉడుకు పోస్తోంది, తీస్తే పొగ వస్తోంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కప్పడం, తీయడం, మళ్ళీ కప్పడం. వాళ్ళ ఒక్క రౌండు మధ్యాహ్నం దాకా సాగింది.

సోమవారం పురుగులు లేచాయి గానీ ఒక్కటిగా లేవలేదు. కొన్ని మేశాయి, కొన్ని ఆకు మీద తల ఆనించి అట్లాగే ఉండిపోయాయి. తోటలో ఆకుల మీద వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము. ఒక్కో కొమ్మా కడిగి ఆరబెట్టి వేశాను. నాలుగో రోజుకు పురుగు మెత్తబడింది. నోటి నుంచి రసం కారింది. ఆ తరువాత నల్లబడి వాసన మొదలైంది. ఆ వాసన తెలిసినవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు, తెలియనివాళ్ళకు చెప్పలేను.

“ఎండకు పోయినట్లుంది. ఈ ఏడు ఎండ ఎట్లుంది చూస్తివి గదా” అన్నాడు అనంతకుమార్, షిఫ్టుకు పోతూ గుమ్మంలోనే నిలబడి.

పక్క పొలం అశ్వత్థప్ప మా చాకీలోనే సగం తీసుకున్నాడు. అదే పురుగు, అదే ఎండ. వాళ్ళింట్లో పురుగు పండి గూళ్ళు కడుతోంది. ఆయన మా గుమ్మం దాకా వచ్చి, లోపలికి చూసి, “ఏందమ్మా ఇట్లాయె? నీ చేతిలో ఎప్పుడూ పోలేదే” అన్నాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకొని తల ఊపాను.

ఆ సాయంత్రమే నా మొగుడు వాళ్ళమ్మ దగ్గర కూర్చొని, “పంట చూస్తామని నువ్వే అంటివి గదమ్మా. మాటంటే మాటే” అన్నాడు. పుండు మీద కారం చల్లడం అంటే ఇదే. నేను చేతిలో ఉన్న చేట గోడకేసి కొట్టాను. అత్త మా ఇద్దరి వైపూ చూసి, ఇచ్చిన మాట మింగలేక, “రేపు చెప్తాను” అంది.

ఆమెను మెత్తబరచాలనో ఏమో, ఆయన ఫోను తీసి జితేంద్ర వీడియో పెట్టాడు. అప్పటికే వేలమంది చూశారట. నేనూ వెనక నిలబడి చూశాను. జితేంద్ర చక్కగా చెబుతున్నాడు. కొత్తవాళ్ళకు చిన్న ఫోర్ స్ట్రోక్, దూరాలు పోయేవాళ్ళకు నీళ్ళతో చల్లబడే పెద్ద బండి, చెయ్యి తిరిగిన మొనగాళ్ళకు టూ స్ట్రోక్. బరువుకు మార్కులు, సీటు ఎత్తుకు మార్కులు, లాగే బలానికి, మైలేజీకి, చివరకు రంగుకు కూడా మార్కులు వేశాడు. పొగకు వేయలేదు.

టూ స్ట్రోక్ వంతు వచ్చింది. నా మొగుడు మొనగాడిలాగా బండి మీద లేచి నిలబడి గట్టెక్కుతున్నాడు. ఆయన వెనక పొగ పైకి లేచి, గాలికి వంగి, తిన్నగా పోయి ఒక కిటికీ వలలోకి దూరుతోంది.

“మళ్ళా వెయ్యి” అంది అత్త.

వేశాడు.

“ఇంకొకసారి.”

మూడోసారి చూసి, “అది మన పురుగుల ఇల్లు గదరా?” అని అడిగింది.

“ఊఁ.”

“బండి మీద ఉండేది నువ్వు గదరా?”

తేలు కుట్టిన దొంగలాగా కూర్చున్నాడు. అత్త మోకాళ్ళ మీద చేతులు వేసి లేచి, గొర్రెలను కట్టేయడానికి పోయింది.

మరుసటి రోజు ఆయనకు సెలవు. తోట చివర గుంత తవ్వమన్నాను. చచ్చిన పురుగును సున్నం వేసి పూడ్చకపోతే వచ్చే పంటకూ అదే రోగం. తట్టలు నేను మోయలేదు, ఆయన చేతే మోయించాను. ముఖం పక్కకు తిప్పినప్పుడల్లా, “నీ పనే, చూడు” అన్నాను. అత్త గట్టు రాయి మీద కూర్చొని ఉంది.

సగం తట్టలు పోసేసరికి జితేంద్ర ఫోను చేశాడు. చేతులకు సున్నం ఉందని అనంతకుమార్ మోచేత్తో నొక్కి స్పీకర్ పెట్టాడు.

“అనంత్ బ్రో, ట్రాక్ సంగతి ఏమైంది? పార్టీ అడుగుతున్నారు.”

అనంతకుమార్ ఒక్కసారి గుంతలోకి చూశాడు. తరువాత, “అమ్మ ఒప్పుకునేది లేదు బ్రో. పాతకాలం మనిషి గదా, అర్థం చేసుకోదు” అన్నాడు.

పోయినసారి నా జ్వరం వెనక దాక్కున్నాడు. ఈసారి తల్లి చెంగు వెనక. దగ్గరకు పోయి ఫోను లాక్కున్నాను.

“జితేంద్రప్పా, నేను భూమికను మాట్లాడతా ఉండాను. ఆ దినం జ్వరం నాకు కాదప్పా. మేము పట్టుపురుగులు మేపుతాము. మీరు బండ్లు తోలిన పక్కన ఉండేది పురుగుల ఇల్లు. పొగకు, దుమ్ముకు యాభై వేల పురుగు పోయింది. ఇప్పుడు గుంతలో పూడుస్తా ఉండాము.”

“ఆ ఇంట్లోనా వదినగారూ?” అన్నాడు. “మాకు స్టోర్ రూమ్ అని చెప్పాడండీ. ఒక్క మాట చెప్పుంటే ఆ రోజు రాయకోట గుట్ట దగ్గరికి వెళ్ళేవాళ్ళం కదండీ. అక్కడ కూడా చూసి పెట్టుకున్నాం. దేవుడి తోడు, నాకు తెలీదండీ.”

అతను అబద్ధం చెప్పడం లేదు. పది రోజులుగా ఆ బండ్లను తిట్టాను, ఆ ఇంజన్లను తిట్టాను, ఊరూ పేరూ తెలియని ఆ పార్టీని తిట్టాను. ఒక్క మాట చాలేది. మా ఇంట్లో పురుగులున్నాయి అన్న ఒక్క మాట.

“తోట ఉంటుందప్పా. ట్రాక్ మాట మర్చిపోండి,” అని ఫోను పెట్టేశాను. అత్త అడ్డు చెప్పలేదు.

అనంతకుమార్ పార పట్టుకొని నిలబడ్డాడు. “ఫ్యాక్టరీలో అందరూ నవ్వుతారమ్మా,” అన్నాడు తల్లితో, నాతో కాదు. “పురుగులోడు అంటారు.”

గంగక్క రాయి మీద నుంచి లేచింది. గుంత అంచుకొచ్చి లోపలికి చూసింది. ఆమె గొంతు పెంచలేదు.

“నలభై ఏండ్లు పురుగును మేపినాను. నిన్ను చదివించింది ఆ పురుగే. తిన్న ఆకును చూసి సిగ్గుపడిన పురుగును నేను ఒక్కదాన్నీ చూడలేదురా. నిన్నే చూస్తా ఉండాను.”

ఆయన తల ఎత్తలేదు. ఓదారుస్తానని ఎదురుచూశాడేమో, నేను ఓదార్చలేదు. మిగిలిన తట్టలు చూపించాను. ఒక్కొక్కటే ఎత్తి, ముఖం తిప్పకుండా పోశాడు.